ర్యాంకు చెప్పేదేమిటి? చెప్పనిదేమిటి?

2025 జూన్ నెలలో ఒక మధ్యాహ్నం, భోజనానికి కూర్చోబోతుండగా, అమెరికా నుంచి నా మేనల్లుడు ఫోన్ చేశాడు. మా చెల్లెలి కుటుంబం టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగరం పక్కన ఉంటోంది. మాకు మధ్యాహ్నం పన్నెండున్నర అంటే వాళ్లకు రాత్రి రెండు గంటలు. ఆ వేళప్పుడు ఫోన్ రావడంతో నా గుండె ఝల్లుమంది.

"మామూ, అందరూ బాగానే ఉన్నారు. కంగారు పడకు" అన్నాడు ముందుగా. "నిన్న బడి పోర్టల్‌లో నా ర్యాంకు చూసుకున్నాను. ముప్ఫై వచ్చింది."

"మాషాఅల్లాహ్! ఆరు వందల మందిలో ముప్ఫై అంటే మాటలా? మరి సంతోషంగా పడుకోక, ఈ అర్ధరాత్రి జాగారం దేనికి?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "జనవరిలో నాది ముప్ఫై ఒకటి మామూ. ముప్ఫై నా స్నేహితుడిది."

వాడు చెప్పిన సంగతి ఇది. ఏప్రిల్‌లో ఆ స్నేహితుడి తండ్రికి గుండె ఆపరేషన్ జరిగింది. ఆ పిల్లవాడు ఎనిమిది రోజులు బడికి రాలేదు. వెళ్లిపోయిన పాఠాల కోసం మా వాణ్ణి రసాయన శాస్త్రం నోట్సు అడిగాడు. మా వాడు "రేపు పంపిస్తా" అన్నాడు. మర్నాడు అడిగితే మళ్లీ "రేపు" అన్నాడు. మూడుసార్లు అలా అన్న తర్వాత, పరీక్షకు ముందు రోజు రాత్రి పదకొండు గంటలకు పంపించాడు.

"నేను అబద్ధం చెప్పలేదు మామూ. కాపీ కొట్టలేదు. చివరికి నోట్సు ఇచ్చాను కూడా. మరి నాకెందుకు నిద్ర పట్టడం లేదు?"

ప్రియమైన పాఠకులారా! ఆ రోజు నేను వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చాలా రోజులు ఆలోచించాను. ఆ ఆలోచననే ఇక్కడ మీ ముందు పెడుతున్నాను. ఎందుకంటే ఇది ఒక్క అమెరికా పిల్లవాడి సమస్య కాదు. పిల్లలున్న ప్రతి ఇంటి సమస్య.

ర్యాంకు ఎలా తయారవుతుంది?

ముందుగా ఈ సంఖ్య ఎలా పుడుతుందో తెలుసుకోవాలి. అమెరికా ఉన్నత పాఠశాలలో తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు తరగతులు ఉంటాయి. ప్రతి సబ్జెక్టుకు ఒక గ్రేడు ఇస్తారు. ఏ గ్రేడుకు 4 పాయింట్లు, బీకి 3, సీకి 2, డీకి 1, తప్పితే సున్నా. వీటి సగటునే జీపీఏ అంటారు. కళాశాల స్థాయిలో ఉండే ఏపీ అనే కఠినమైన కోర్సులు తీసుకున్నవారికి చాలా బడులు అదనంగా ఒక పాయింటు కలుపుతాయి. అంటే అక్కడ ఏ గ్రేడు వస్తే 5 పాయింట్లు. ఈ సగటుల ప్రకారం విద్యార్థులందరినీ పైనుంచి కిందికి వరుసలో నిలబెడితే వచ్చేదే క్లాసు ర్యాంకు.

చాలా బడులలో విద్యార్థి తన పేరు, రహస్య పదం ఇచ్చి పోర్టల్‌లోకి వెళ్లి, గ్రేడ్లు లేదా ట్రాన్‌స్క్రిప్టు ఉన్న చోట దీన్ని చూసుకోవచ్చు. కొన్ని బడులు అంకె ఇవ్వకుండా, పై పదో వంతులో ఉన్నావా, పై నాలుగో వంతులో ఉన్నావా అన్నది మాత్రమే చెబుతాయి. కొన్ని అసలు చూపించవు. అప్పుడు బడిలోని కౌన్సిలర్‌ను అడగాలి. రోజువారీ మార్కులు ఎప్పటికప్పుడు మారుతుంటాయి గానీ, ర్యాంకును సాధారణంగా సెమిస్టరు ముగిశాక మాత్రమే లెక్కగడతారు. కాబట్టి పోర్టల్‌లో కనిపించే ర్యాంకు ఏ సెమిస్టరు నాటిదో చూసుకోవడం మొదటి జాగ్రత్త. ఇది తెలియక పాత అంకెను చూసి పొంగిపోయేవారూ ఉన్నారు, కుంగిపోయేవారూ ఉన్నారు.

ఈ లెక్కలో ఒక విచిత్రం గమనించండి. ఒక అమ్మాయి ఆరు ఏపీ కోర్సులు తీసుకుంది, అన్నిటిలోనూ ఏ గ్రేడు వచ్చింది. ఆమె సగటు 5. మరొక అమ్మాయి అవే ఆరు కోర్సులు తీసుకుని, అన్నిటిలోనూ ఏ గ్రేడు తెచ్చుకుని, ఇష్టంకొద్దీ చిత్రలేఖనం కూడా నేర్చుకుంది. అందులోనూ ఏ గ్రేడే వచ్చింది. కానీ అది మామూలు కోర్సు గనుక 4 పాయింట్లే. మొత్తం ఏడు కోర్సులకు 34 పాయింట్లు, సగటు 4.86. అంటే ఎక్కువ నేర్చుకున్న అమ్మాయి ర్యాంకులో వెనకబడింది! ఎక్కడా ఒక్క తప్పు కూడా చేయలేదు. ఒక విద్య అదనంగా నేర్చుకున్నందుకు ఆమె చెల్లించిన మూల్యం అది. ఈ చిక్కు తెలిసి కొన్ని బడులు లెక్కించే పద్ధతిని మార్చుకున్నాయి. మార్చుకోని చోట పిల్లలు ర్యాంకు కోసం తమకు ఇష్టమైన విద్యనే వదులుకుంటున్నారు.

అంకె వెనుక ఉన్న తలుపు

"ర్యాంకుదేముంది, మనసుకు పట్టించుకోకు" అని పిల్లలకు చెప్పడం తేలిక. కానీ టెక్సాస్‌లో ఆ మాట నిజం కాదు. అక్కడ ర్యాంకు ఒక తలుపు తెరుస్తుంది.

1996లో ఒక ఫెడరల్ న్యాయస్థానం, విశ్వవిద్యాలయ ప్రవేశాలలో జాతిని పరిగణనలోకి తీసుకోవడం కుదరదని టెక్సాస్‌కు వర్తించే తీర్పు ఇచ్చింది. దాంతో నల్లజాతి, హిస్పానిక్ విద్యార్థులకు పెద్ద విశ్వవిద్యాలయాల తలుపులు మూసుకుపోతాయన్న భయం కలిగింది. అప్పుడు 1997లో ఆ రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్రంలోని ఏ ఉన్నత పాఠశాలలోనైనా సరే, మొదటి పది శాతంలో నిలిచిన విద్యార్థికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ప్రవేశం ఖాయం.

ఈ చట్టంలోని న్యాయాన్ని గమనించండి. సంపన్నుల కాలనీలోని బడిలో మొదటి పది శాతం ఎంతో, పత్తి చేల మధ్య ఉన్న చిన్న ఊరి బడిలో మొదటి పది శాతమూ అంతే. ట్యూషన్లు, ఖరీదైన కోచింగులు ఉన్నవాడితో అవి లేనివాణ్ణి పోల్చకుండా, ఒకే రకమైన అవకాశాలు దక్కినవారి మధ్యనే పోల్చింది. కాబట్టి ర్యాంకు దానంతట అది చెడ్డది కాదు. ఒక బీద పిల్లవాడికి అది న్యాయం చేకూర్చే త్రాసు కూడా కాగలదు.

అయితే ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి ఇలా వచ్చేవారి సంఖ్య బాగా పెరిగిపోవడంతో 2009లో చట్టాన్ని సవరించారు. రాష్ట్ర విద్యార్థులకు కేటాయించిన సీట్లలో నాలుగింట మూడు వంతుల వరకే ఈ దారిలో నింపితే చాలని ఆ ఒక్క విశ్వవిద్యాలయానికి వెసులుబాటు ఇచ్చారు. అందువల్ల అక్కడ పది శాతం కాస్తా తగ్గుతూ ఆరు శాతానికి చేరింది. 2024లో ఆ విశ్వవిద్యాలయానికి దాదాపు 73 వేల దరఖాస్తులు వచ్చాయి. 2026లో చేరేవారికి అది ఐదు శాతమేనని అదే ఏడాది ప్రకటించారు.

ఆరు వందల మందిలో ఐదు శాతం అంటే ఎంత? ముప్ఫై. ఇప్పుడు నా మేనల్లుడికి నిద్ర ఎందుకు పట్టలేదో మీకు అర్థమై ఉంటుంది. ముప్ఫైకీ ముప్ఫై ఒకటికీ మధ్య ఉన్నది ఒక్క అంకె కాదు, ఒక గడప.

మార్కు వేరు, ర్యాంకు వేరు

మనం తరచుగా ఈ రెంటినీ ఒకటే అనుకుంటాం. కానీ వీటి మధ్య పెద్ద తేడా ఉంది. మార్కు నాకూ నేను నేర్చుకున్న విద్యకూ మధ్య ఉన్న సంబంధం చెబుతుంది. ర్యాంకు నాకూ నా పక్కవాడికీ మధ్య ఉన్న సంబంధం చెబుతుంది. నా మార్కు పెరగాలంటే నేను చదవాలి. నా ర్యాంకు పెరగాలంటే రెండు దారులున్నాయి: నేను పైకి వెళ్లడం ఒకటి, పైనున్నవాడు కిందికి జారడం మరొకటి. ఈ రెండో దారిలో నేను ఒక్క అక్షరం కూడా అదనంగా నేర్చుకోనక్కరలేదు.

మనసుకు పరీక్ష ఎదురయ్యేది సరిగ్గా ఇక్కడే. మార్కు ముందు మనిషి సోమరి కావచ్చు, శ్రమజీవి కావచ్చు. కానీ ర్యాంకు ముందు మనిషి తన పక్కవాడికి మేలు కోరేవాడో, కీడు కోరేవాడో కూడా తేలుతుంది. ఎదుటివాడి ఆపద నాకు లాభంగా మారే చోట నిలబడినప్పుడు, ఆ లాభాన్ని చూసి నా మనసు ఏమంది? అసూయ (హసద్) అంటే ఎదుటివాడికి ఉన్నది నాకూ కావాలనుకోవడం కాదు. అది వాడి చేతిలోంచి పోవాలనుకోవడం. వాడిలాగే నేనూ చదవాలి అనుకునే పిల్లవాడిలో తప్పు లేదు. వాడు చదవకుంటే బాగుండును అనుకున్న క్షణంలో తప్పు మొదలవుతుంది.

ఈ తేడాను బడులు కూడా పాటించవచ్చు. ఒక నిర్ణీత సగటును దాటిన వారందరికీ ఒకే గౌరవ బిరుదు ఇచ్చే బడులున్నాయి. అక్కడ పదిమంది దాటితే పదిమందికీ, వందమంది దాటితే వందమందికీ గౌరవం దక్కుతుంది. ఒకరి గౌరవం మరొకరి నుంచి లాక్కున్నది కాదు. కానీ మొదటి స్థానం ఒక్కటే అయినప్పుడు, అది ఒకరికి దక్కాలంటే మరొకరికి దక్కకూడదు. 2003లో న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక విద్యార్థిని, బడిలో ప్రథమ స్థానం మరొకరితో పంచుకోవడానికి ఇష్టపడక, తానొక్కతే ఆ స్థానంలో ఉండాలని ఫెడరల్ న్యాయస్థానానికి వెళ్లి గెలిచింది. ఈ పోకడలన్నీ చూశాక అమెరికాలో సగానికి పైగా ఉన్నత పాఠశాలలు కళాశాలలకు ర్యాంకులు పంపడం మానేశాయి.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో గణిత పట్టభద్రులను మొదటివాడి నుంచి చివరివాడి దాకా వరుసగా ప్రకటించే ఆచారం చాలా కాలం సాగింది. 1909తో ఆ వరుస ప్రకటన ఆగిపోయింది. దాన్ని మాన్పించాలని గట్టిగా వాదించిన వారిలో జి.హెచ్. హార్డీ ఒకరు. ఆయన ఆ పరీక్షలో 1898లో నాలుగో స్థానం పొందినవారే. కొన్నేళ్ల తర్వాత, మన దేశంలో ఎఫ్.ఏ. పరీక్ష తప్పిన రామానుజన్ రాసిన ఉత్తరం చదివి, ఆయన్ను 1914లో కేంబ్రిడ్జికి రప్పించినది కూడా ఈ హార్డీయే. ర్యాంకు కొంత చెబుతుందని, చెప్పనిది ఇంకా చాలా ఉంటుందని తెలుసుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

"నేను ఏ తప్పూ చేయలేదు"

ఇప్పుడు నా మేనల్లుడి ప్రశ్నకు వద్దాం. వాడు చేసిన తప్పేమిటి?

వాడి తరఫున ఒక వకీలు ఉంటే ఇలా వాదిస్తాడు: నోట్సు వాడి సొంతం. ఇవ్వాలన్న నిబంధన ఎక్కడా లేదు. ఇచ్చినా ఆ స్నేహితుడు ఎక్కువ మార్కులు తెచ్చుకునేవాడన్న నమ్మకం లేదు. తండ్రి ఆసుపత్రిలో ఉన్న పిల్లవాడి మనసు పాఠాల మీద ఎలా నిలుస్తుంది? పైగా వ్యాపారం మొదలుకొని పరుగు పందెం దాకా పోటీ ఎక్కడ లేదు? గెలిచినవాణ్ణి దోషిగా నిలబెడతామా?

ఈ వాదనలో కొంత నిజం ఉంది. పోటీ తప్పు కాదు. పరుగు పందెంలో వేగంగా పరుగెత్తినవాణ్ణి ఎవరూ తప్పు పట్టరు. పక్కవాడి కాలికి కాలు అడ్డం పెట్టినవాణ్ణి అందరూ తప్పు పడతారు. మా వాడు ఈ రెండూ చేయలేదు. పడిపోయినవాడు చేయి చాచితే, "ఇదిగో వస్తున్నా" అంటూ నిలబడి చూశాడు.

ఒకవేళ మొదటి రోజే "క్షమించు, నేను ఇవ్వలేను" అని చెప్పి ఉంటే? అది స్నేహధర్మం కాదు, ఔదార్యం అంతకన్నా కాదు. కానీ అందులో మోసం లేదు. ఆ పిల్లవాడు మరొకరిని అడుక్కునేవాడు, లేదా ఉపాధ్యాయురాలి దగ్గరకు వెళ్లేవాడు. మా వాడు "రేపు" అన్నాడు. ఆ "రేపు" అనే మాట ఒక వాగ్దానం. ఆ వాగ్దానాన్ని నమ్మి ఆ పిల్లవాడు వేరే తలుపు తట్టలేదు. పరీక్షకు ముందు రాత్రి పదకొండు గంటలకు నోట్సు పంపించడం మాట నిలబెట్టుకోవడం కాదు. మాట నిలబెట్టుకున్నట్లు కనిపించడం మాత్రమే. పెదవులు అబద్ధం చెప్పలేదు. ఆలస్యం అబద్ధం చెప్పింది.

ఇక ఫలితం సంగతి. నోట్సు సకాలంలో అందితే ఆ పిల్లవాడు ముప్ఫైలోనే ఉండేవాడా? ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. కానీ ఇక్కడ ఒక ముఖ్య విషయం గ్రహించాలి. పోర్టల్‌కు ఫలితం మాత్రమే తెలుస్తుంది. సంకల్పం (నియ్యత్) దానికి తెలియదు. వంద తప్పుల వెనుక ఉన్న మంచి సంకల్పాన్నీ అది చూడలేదు, ఒక ఒప్పు వెనుక దాగిన చెడు సంకల్పాన్నీ చూడలేదు. మనిషి అంతరాత్మ మాత్రం ముందు సంకల్పాన్నే లెక్కగడుతుంది. మా వాడి బాణం గురి తప్పి ఉండవచ్చు. కానీ ఎక్కుపెట్టింది స్నేహితుడి వైపే. రాత్రి రెండు గంటలకు వాణ్ణి మేల్కొల్పిన లెక్క ఇదే. అది ఏ కంప్యూటరూ వేసిన లెక్క కాదు.

నిద్ర పట్టకపోవడం ఒక విధంగా శుభలక్షణమే. అలాంటి పని చేసి కూడా హాయిగా నిద్రపోయేవాడి గురించే మనం భయపడాలి.

పెద్దల మాటేమిటి?

సోదర సోదరీమణులారా! పిల్లవాడి తప్పు గురించి ఇంత వివరంగా రాశాను గనుక, నా తప్పు కూడా చెప్పుకోవడం న్యాయం. వాడు "ముప్ఫై" అన్న వెంటనే నా నోట వచ్చిన మొదటి మాట అభినందన. ఎలా వచ్చింది, ఏం చదివావు, ఏ పాఠం నచ్చింది అని నేను అడగలేదు. వెనక్కి తిరిగి చూసుకుంటే, నాలుగేళ్లుగా ఫోన్ చేసిన ప్రతిసారీ "ర్యాంకు ఎంత?" అని అడిగిన వాణ్ణి నేనే. వాడి స్నేహితుడి తండ్రికి ఆపరేషన్ జరిగిందని నాకు ఏప్రిల్‌లోనే తెలుసు. మా చెల్లెలు చెప్పింది. "ఆ పిల్లవాడికి నువ్వేమైనా సాయం చేస్తున్నావా?" అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. పెద్దలు ఏది అడుగుతారో పిల్లలు దాన్నే విలువైనదిగా నేర్చుకుంటారు.

ఇది మనం ఇక్కడి నుంచి మోసుకెళ్లిన అలవాటు. 1986లో ఎంసెట్ మొదలైనప్పటి నుంచి మన తెలుగు నేల మీద ర్యాంకు అన్నది ఇంటి పేరులా మారిపోయింది. ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికల నిండా పిల్లల ఫొటోలు, అంకెలు. పదో తరగతి పిల్లలను కూడా వదలకపోవడంతో, 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదో తరగతి ర్యాంకుల ప్రకటనలను నిషేధించవలసి వచ్చింది. పిల్లల మధ్య అనారోగ్యకరమైన పోటీ వద్దంటూ సీబీఎస్ఈ 2023లో మెరిట్ జాబితా ప్రకటించలేదు. ఇవన్నీ మంచి నిర్ణయాలే. కానీ పత్రికలో ప్రకటన ఆగినంత మాత్రాన ఇంట్లో ప్రశ్న ఆగదు. పెళ్లి విందులో, పండుగ పూట, నలుగురి మధ్యన పిల్లవాణ్ణి నిలబెట్టి "నీకెంత? వాళ్లబ్బాయికెంత?" అని అడిగే నోటిని ఏ ప్రభుత్వ ఉత్తర్వూ మూయించలేదు.

ఇంకొక విషయం. అమెరికాలో తల్లిదండ్రులకు కూడా పోర్టల్‌లో ప్రవేశం ఉంటుంది. 1974లో వచ్చిన ఒక ఫెడరల్ చట్టం ప్రకారం విద్యార్థి రికార్డులను చూసే హక్కు తల్లిదండ్రులకు ఉంది; ఆ రికార్డులను సమ్మతి లేకుండా ఇతరులకు వెల్లడించకూడదు. విద్యార్థికి పద్దెనిమిదేళ్లు నిండితే ఆ హక్కు అతనికే బదిలీ అవుతుంది. హక్కు ఉంది కదా అని రోజుకు పదిసార్లు పిల్లవాడి మార్కులు తెరిచి చూడడం, వాడు బడి నుంచి ఇంటికి చేరకముందే ఫోన్ చేసి నిలదీయడం మంచి పెంపకం కాదు. హక్కు వేరు, దాన్ని వాడుకునే మర్యాద వేరు.

అలాగే పిల్లలు తమ రహస్య పదాన్ని మిత్రులకు ఇవ్వడం, ఇతరుల ఖాతాలోకి తొంగిచూడడం తగదు. ఒకరి మార్కుల వివరాలు మన చేతికి చిక్కితే అవి అమానతు (అప్పగింత)తో సమానం. 2024 డిసెంబరులో పవర్‌స్కూల్ అనే పోర్టల్ సంస్థ వ్యవస్థలోకి దొంగలు చొరబడి లక్షలాది విద్యార్థుల, ఉపాధ్యాయుల వివరాలు ఎత్తుకుపోయారు. ఆ కేసులో నేరం ఒప్పుకున్నది 19 ఏళ్ల కళాశాల విద్యార్థి! తెలివికి ర్యాంకు ఇవ్వాలంటే ఆ కుర్రవాడికి ఏ ర్యాంకు ఇస్తారు? శీలానికి ఇవ్వాలంటే?

మరి ర్యాంకు చూడకూడదా?

ఇంత చదివాక, "అయితే పిల్లలు ర్యాంకు తెలుసుకోవడమే తప్పా?" అని కొందరు అడగవచ్చు. తప్పు కాదు. ఏ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేయాలో, ఏ ఉపకార వేతనానికి అర్హత ఉందో నిర్ణయించుకోవడానికి ఆ అంకె అవసరం. ప్రయాణికుడు మైలురాయి చూసుకున్నట్లే ఇది. అయితే కొన్ని మర్యాదలు పాటించడం మేలు.

మొదటిది: ర్యాంకును అవసరం కోసం చూడాలి, వ్యసనంగా చూడకూడదు. సెమిస్టరుకు ఒకసారి మారే అంకెను ప్రతి రాత్రీ తెరిచి చూడడం వల్ల అంకె మారదు, మనసే పాడవుతుంది.

రెండవది: దాని హద్దు తెలుసుకోవాలి. ఆస్టిన్‌లో మొదటి ఐదు శాతంలో ఉన్నవారికి విశ్వవిద్యాలయంలో ప్రవేశం ఖాయమే గానీ, కోరుకున్న శాఖలో సీటు ఖాయం కాదు. కంప్యూటర్ సైన్సు, ఇంజనీరింగు వంటి వాటికి వేరే పరిశీలన ఉంటుంది. ఐదు శాతం దాటినవారికి తలుపు పూర్తిగా మూసుకుపోదు. వారి దరఖాస్తును కూడా సమగ్రంగా పరిశీలిస్తారు. పైగా మొదటి పది శాతంలో ఉన్నవారికి రాష్ట్రంలోని ఇతర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల తలుపులు తెరిచే ఉంటాయి. అంటే ముప్ఫై స్వర్గం కాదు, ముప్ఫై ఒకటి నరకం కాదు.

మూడవది: మన ర్యాంకు చూసుకున్న రోజున, పక్కవాడి స్థితిని కూడా ఒకసారి తలచుకోవాలి. వాడిది ఎంత అని కాదు, వాడికి ఏమైనా కావాలా అని. మన కన్నా కిందనున్నవాణ్ణి చూసి గర్వించకుండా, పైనున్నవాణ్ణి చూసి కుళ్లుకోకుండా ఉండడానికి ఇంతకు మించిన మందు లేదు. సాయం చేసిన చేయికి అసూయపడే తీరిక ఉండదు.

నాలుగవది: ఒక మంచి పనికీ ఒక మంచి ర్యాంకుకూ మధ్య ఎంచుకోవలసి వస్తే ఏం చేయాలో ముందుగానే నిశ్చయించుకోవాలి. పరీక్ష వచ్చి పడ్డాక ఆలోచిద్దామంటే మనసు ఎప్పుడూ లాభం వైపే తూగుతుంది. నా మేనల్లుడు చెడ్డవాడు కాడు. అలాంటి రోజు ఒకటి వస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదు. అందులో నేనూ ఒకణ్ణి.

చివరిగా

ఆ రోజు ఫోన్‌లో నేను వాడికి ఒక్క మాట మాత్రం చెప్పగలిగాను. "ర్యాంకును నువ్వు వెనక్కి ఇవ్వలేవు బాబూ, అది నీ చేతిలో లేదు. కానీ జరిగింది అతనికి చెప్పడం నీ చేతిలోనే ఉంది" అన్నాను. "చెబితే స్నేహం పోతుంది మామూ" అన్నాడు. "చెప్పకపోతే ఉంటుందా?" అని అడిగాను. వాడు జవాబివ్వలేదు.

జూలై రెండో వారంలో వాడు ఆ స్నేహితుడి ఇంటికి వెళ్లాడు. జరిగింది జరిగినట్లు చెప్పాడు. ఆ పిల్లవాడు ఏమన్నాడో మా వాడు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. అది వాళ్లిద్దరి మధ్య ఉండవలసిన సంగతి. మా చెల్లెలు మాత్రం ఒక మాట అంది: "ఆ రాత్రి వాడు ఇషా నమాజు కాగానే పడుకున్నాడు భాయిజాన్. తెల్లారి లేపినా లేవలేదు."

పాఠకులారా! మన పిల్లలు పోర్టల్ తెరిచి తమ స్థానం చూసుకుంటూనే ఉంటారు. చూసుకోనివ్వండి. కానీ తరగతి గదిలో మన స్థానం ఏమిటన్నది ఒక ప్రశ్న అయితే, పక్క బెంచీ మీద కూర్చున్నవాడి మనసులో మన స్థానం ఏమిటన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు సెమిస్టరు చివర దొరుకుతుంది. రెండవదానికి జవాబు, వాడు కష్టంలో ఉండి మనల్ని ఏదైనా అడిగిన రోజున దొరుకుతుంది. ఈసారి మీ ఇంటి పిల్లలతో మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్నకు ముందు రెండవ ప్రశ్న అడగండి. నేను కూడా అలాగే అడగాలని నిశ్చయించుకున్నాను.